గిన్నె అప్పాయమ్మ

అనకాపల్లి,
ఆగస్టు 13, 2006.

తాతయ్యకు వందనాలు.

వందనాలు అని రాస్తే మీకు మండుతుందని తెలుసు. మిషన్ హాస్టల్ అలవాటు. ఇక్కడ పొద్దున్నే లేచి చీపురుకట్టకి కూడా వందనాలు చెబుతాం.

ఫోను చేద్దామనే అనుకున్నాను. పోయినసారి మీరు "నీ మాట చెవిలో ఈగ దూరినట్టుంది, ఉత్తరం రాయి" అని పెట్టేశారు. అందుకని రాస్తున్నాను.

మా కాలేజీ చరిత్ర సంఘం జనవరిలో "ప్రపంచ విప్లవాలు" అని సభ పెడుతోంది. ఫైనలియర్ వాళ్ళం ముగ్గురేసి గ్రూపుగా ఒక్కో విప్లవాన్ని చదివి, చార్టులు వేసి, స్టేజీ మీద చెప్పాలి. నేనూ, రాజశ్రీ, జెఫ్రీ ఒక గ్రూపు. రాజశ్రీ మీకు తెలుసు, చెరకు రైతుల అమ్మాయి, పోయిన వేసవిలో మా ఇంటికొచ్చి మీతో వాదించి గెలిచానని ఇప్పటికీ చెప్పుకుంటుంది. మాకు ఫ్రెంచి విప్లవం వచ్చింది. మా త్రినాధరావు సార్ ఇచ్చిన నోట్సు పేజీన్నర. మీ దగ్గరున్న పుస్తకాలు కావాలి.

ముఖ్య అతిథి ఎవరో కూడా చెప్పేస్తాను. మీతో పాటు ఇదే కాలేజీలో చరిత్ర చెప్పి, ప్రిన్సిపాలై రిటైరైన స్టాన్లీ గారు. ఇప్పుడు మన మిషన్ గుడికి సంఘ పెద్ద. మా హాస్టల్ కమిటీకీ ఆయనే పెద్ద. ఆయన పేరు వింటే మీరు ఆ పూట అన్నం మానేస్తారని అమ్మ అంటుంది. ఉత్తరం భోజనమయ్యాక చదువుతున్నారనే ఆశ.

ఇంకో సంగతి. మొన్న వార్డెన్ నా ఫారం చూసి, "ఏసురాజు మేష్టారి అక్క మనవరాలివా? అయితే గిన్నె అప్పాయమ్మ మునిమనవరాలివన్నమాట. మన గిన్నెలు జాగర్తమ్మా" అని అందరి ముందూ నవ్వింది. ఎందుకు నవ్విందో తెలియకపోయినా ఒళ్ళు మండింది. అమ్మనడిగితే పాత గొడవ వదిలెయ్యమంది. తాతమ్మకి ఆ పేరెందుకు వచ్చింది?

మీ సుజి.


మాకవరపాలెం,
ఆగస్టు 21.

సుజికి,

పుస్తకాలు మూట కట్టి నర్సీపట్నం బస్సు కండక్టరుకిచ్చాను. అట్టలు చిరిగినవి ముందు చదువు. అట్ట బాగున్న పుస్తకం ఎవరూ చదవనిది.

భోజనానికి ముందే చదివాను. అన్నం తిన్నాను. స్టాన్లీ కోసం అన్నం మానే రోజులు పోయాయి, ఇప్పుడు షుగరు మాత్ర వేసుకోవాలి.

వాడు ఫ్రెంచి విప్లవాన్ని ముప్పై ఏళ్ళు ఒకే తీరుగా చెప్పాడు. కారణాలు ఆరు, ఫలితాలు ఎనిమిది. పిల్లలకి మార్కులొచ్చేవి. రాజు తల తెగిన చోట మాత్రం వాడి గొంతు బొంగురుపోయేది, సొంత మేనమామ పోయినట్టు. మీరు అలా చెప్పకండి. బాస్టిల్ కోట దగ్గర ఆగిపోకండి. అక్టోబరు వానలో తడుస్తూ వెర్సేల్స్ దాకా నడిచిన ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళండి. చేపలమ్ముకునేవాళ్ళు, రొట్టెకి గతిలేనివాళ్ళు వెళ్ళి రాజుని పారిస్‌కి లాక్కొచ్చారు. ఆ తర్వాత ఇంకో ప్రశ్న అడగండి. స్వేచ్ఛ, సమానత్వం అని గోడల మీద రాసుకున్న ఆ దేశమే సముద్రానికి అవతల హైతీలో చెరకు తోటల నిండా బానిసల్ని ఎందుకు ఉంచుకుంది? ఆ బానిసలు తోటలు తగలబెట్టి సొంత దేశం కట్టుకున్నారు. చెరకు నరికేవాళ్ళు చేసిన విప్లవం అది. బెల్లం వాసన పీలుస్తూ ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినవాడి నోట ఆ ముక్క ఒక్కసారి రాలేదు.

నిర్వచనం అడుగుతారు. ఇది రాసుకో: వరస మారితే విప్లవం. వరస అలాగే ఉండి అందులో మనుషులు మారితే అది బదిలీ.

ఇక మీ తాతమ్మ సంగతి. నీకెవరూ చెప్పలేదంటే సిగ్గు నీది కాదు, మా అందరిదీ.

ఆ రోజుల్లో మన గుడిలో నెలకోసారి ప్రభు బల్ల, రొట్టె ముక్కా ద్రాక్షరసమూ. ఒకటే వెండి గిన్నె. దేవుని ముందర అందరం ఒకటే అని పాట పాడి, పాట అవగానే వరసలో నిలబడేవాళ్ళం. ముందు బెంచీలవాళ్ళు ముందు. ఊళ్ళోంచి సంఘంలో కలిసినవాళ్ళు, స్టాన్లీ తండ్రి లాగా మిషన్ బంగళాలో గుమాస్తాలు. వెనక చాపల మీద కూర్చునే పేటవాళ్ళం ఆఖరు. పేట ఆడవాళ్ళు ఆఖరుకి ఆఖరు. ఎందుకని ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. ఇంట్లో అయితే చెంబెత్తి నోట్లో పోసుకోవచ్చు. అక్కడ గిన్నెకి పెదవి ఆనించాలి. మన పెదవి ఆనిన గిన్నె వాళ్ళ నోటికి వెళ్ళకూడదు. అంతే సంగతి.

1958లో, ఈస్టరు తర్వాత వచ్చిన బల్ల నాడు, పాట ఇంకా అవుతూ ఉండగానే మా అమ్మ చాప మీద నుంచి లేచి, బెంచీలన్నీ దాటుకుని వెళ్ళి, పాస్టరు చేతిలోని గిన్నెకి మొదటి పెదవి ఆనించింది. ఆమె తర్వాత ఆ రోజు ఎవరూ తాగలేదు. గిన్నె అలాగే బల్ల మీదికి వెళ్ళిపోయింది.

అమ్మని బల్ల నుంచి ఆపేశారు. ద్రాక్షరసం మీద ఆశతో ఎగబడిందని చాటి, గిన్నె అప్పాయమ్మ అని పేరు పెట్టారు. ఏడాది తిరక్కుండా చిట్టి గాజు గ్లాసులు తెప్పించారు, ఉగ్గుగిన్నెలంతవి, మనిషికొకటి. రోగాలు అంటకుండా అట. పేటవాళ్ళు వరస పోయిందని సంబరపడ్డారు. ఏం పోయింది? ఒకరి ఎంగిలి ఇంకొకరు తాగే అవసరం లేకుండా గిన్నెనే ముక్కలు చేశారు. ఇప్పటికీ అవే గ్లాసులు. వెండి గిన్నె అద్దాల బీరువాలో ఉంది, వెళ్ళి చూడు.

స్టాన్లీ నా ఈడువాడు. ఆ రోజు ముందు బెంచీలో ఉన్నాడు. నోరు మెదపలేదు. నోరు మెదపనివాళ్ళకి కుర్చీలు దొరుకుతాయి, వాడికి అన్నీ దొరికాయి. అమ్మ చనిపోయేదాకా మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. నేనూ తొక్కలేదు. రిటైరైన వారంలో ఊరే వదిలేశాను.

ఏసురాజు.


అనకాపల్లి,
సెప్టెంబరు 17.

తాతయ్యా,

వందనాలు రాయడం లేదు చూడండి.

మీ ఉత్తరం రాజశ్రీకీ, జెఫ్రీకీ చదివి వినిపించాను. అడగకుండా చదివాను, తిట్టండి. చివరిదాకా విని రాజశ్రీ అంది, "మీకు గుడిలో కూడా ముందూ ఎనకా ఉంటాయేటే? మాకొక్కళ్ళకే అనుకున్నాను." జెఫ్రీ ఆఖరి పేజీ అడిగి తీసుకుని మళ్ళీ చదివాడు.

మేము నిర్ణయించేసుకున్నాం. వెర్సేల్స్‌కి నడిచిన ఆడవాళ్ళు, హైతీ చెరకు తోటలు, ఆ తర్వాత అప్పాయమ్మ. మూడు చార్టులు. త్రినాధరావు సార్‌కి చెబితే కళ్ళజోడు తీసి, "విప్లవమంటే రాజ్యం మారాలమ్మా. ఇదేటి, మీ గుడి తగువు. మార్కులు ఫ్రాన్సుకుంటాయి గానీ గిన్నెకుంటాయేటి?" అన్నారు. రాజశ్రీ వినయంగా చేతులు కట్టుకుని, "ఫ్రాన్సులో కూడా ముందు రొట్టె తగువే గదండి" అంది. సార్ బయటికి పొమ్మన్నారు గానీ వద్దని మాత్రం అనలేదు. ఆయన మొహంలో కొంచెం నవ్వు కూడా కనిపించింది.

ఆదివారం బీరువాలో గిన్నె చూశాను. చిన్నదే తాతయ్యా. నేనెంతో పెద్దదనుకున్నాను.

ఒక ప్రశ్న. ఆ రోజు మీరు గుడిలో ఉన్నారా? తాతమ్మ తర్వాత ఎవరూ తాగలేదని మీకు ఎవరు చెప్పారు? చరిత్రలో మొదట అడగాల్సింది అదేనని మీరే అంటారు కదా.

ఇంకొకటి కూడా దాచకూడదు. జెఫ్రీ స్టాన్లీ గారి మనవడు.

సుజి.


మాకవరపాలెం,
సెప్టెంబరు 25.

సుజికి,

ఆ ఇంటి కుర్రాణ్ణి పక్కన పెట్టుకుని మా అమ్మ కథ చదివావా? రాజుగారి వంటవాణ్ణి పిలిచి రొట్టె తిరుగుబాటుకి ముహూర్తం పెట్టించుకున్నట్టుంది. వాడు విన్నదంతా ఆ సాయంత్రమే తాత చెవిలో పడి ఉంటుంది.

నేను గుడిలో లేను. విశాఖపట్నంలో చదువుకుంటున్నాను. సెలవులకి వచ్చేసరికి అంతా అయిపోయింది. అమ్మ ఏమీ చెప్పలేదు. అడిగితే "దాహమేసింది, తాగేను" అనేది. పేటలో అందరూ చెప్పింది ఒకటే, ఆమె తర్వాత ఎవరూ తాగలేదని. ఊరంతా ఒకటే మాట చెబుతుంటే సాక్షి సంతకాలు పెట్టించుకోవాలా?

సరే. చెప్పాలనుకున్నది చెప్పండి. కానీ "కొందరు పెద్దలు", "అప్పటి పరిస్థితులు" అంటూ నసగవద్దు. ఆ బెంచీలో ఎవరెవరు కూర్చున్నారో పేరు పేరునా చెప్పండి. స్టాన్లీ పేరు వాడి ముందే, మైకులో చెప్పండి. పేరు లేని చరిత్ర పుకారుతో సమానం. అది చేయలేకపోతే బాస్టిల్ కోట అట్టతో కట్టి, అగ్గిపుల్లతో అంటించి, చప్పట్లు కొట్టించుకోండి.

ఏసురాజు.


అనకాపల్లి,
నవంబరు 5.

తాతయ్యా,

ఇన్నాళ్ళూ రాయనిది అలిగి కాదు. కొంచెం అలిగాను కూడా.

మీరు సాక్షి సంతకాలు అక్కర్లేదన్నారు. మాకు కావాలనిపించింది. ఆ రోజు గుడిలో ఉన్నవాళ్ళు ఎవరైనా బతికున్నారా అని పేటలో ఇల్లిల్లూ అడిగాం. బుల్లమ్మ గారని ఒకావిడ, అప్పటికి పరికిణీ పిల్ల, తర్వాత రాజయ్యపేటలో చేపల వ్యాపారం చేసే ఇంటికి కోడలిగా వెళ్ళిందట. పోయిన ఆదివారం ముగ్గురం నక్కపల్లి దాకా బస్సులో, అక్కణ్ణుంచి ఆటోలో వెళ్ళాం.

ఆవిడ ఎండుచేపలు తిరగేస్తూనే మాట్లాడింది. నేనెవరి మునిమనవరాలినో చెప్పగానే చేతులు కడుక్కుని వచ్చి నా గడ్డం పట్టుకుంది. "మీ తాతమ్మ పరిగెట్టలేదే. ఎగబడిందని సెప్పేరు, అబద్ధం. పెళ్ళికూతురు నడిసినట్టు నడిసింది. కొంగు ఇలా తల మీంచి జారితే సర్దుకుని మరీ నడిసింది. నేను సాప మీద కూకుని సూత్తన్నాను" అంది. ఆవిడ కొంగు సర్దుకుని చూపించిన తీరునే మూడో చార్టు మీద జెఫ్రీ బొమ్మగా గీశాడు. మీకు నచ్చకపోయినా బాగా వచ్చింది.

బుల్లమ్మ గారు ఇంకో సంగతి కూడా చెప్పింది. అది ఇప్పుడు రాయను. కోపం తెచ్చుకోకండి, తర్వాత రాస్తాను.

నిన్న వార్డెన్ పిలిచింది. కమిటీలో మాటొచ్చిందట. హాస్టల్లో సీటు సంఘం దయ అనీ, సంఘాన్ని బజారుకీడ్చే పిల్లలకి ఆ దయ ఎందుకుండాలని పెద్దలు అడుగుతున్నారనీ అంది. "ఫైనలియర్ కదే, నాలుగు నెల్లు నోరు మూసుకుంటే డిగ్రీ వత్తాది" అని ఆవిడ ప్రేమగానే చెప్పింది, దానికే ఎక్కువ భయమేసింది. సీటు పోతే నాన్న చదువు మాన్పించేస్తారు. తాతమ్మ పేరు ఇంట్లో ఎత్తొద్దన్న మనిషి ఆయన.

ఏం చెయ్యమంటారు?

సుజి.


మాకవరపాలెం,
నవంబరు 10.

సుజీ,

నేనేం చెప్పను. నీ సీటు నీది, నా కోపం నాది. నా కోపానికి నీ సీటు పెట్టుబడి పెట్టమనే హక్కు నాకు లేదు. మానేస్తే ఒక్క మాట అనను.

మానకపోతే ఇక్కడ ఒక గది ఖాళీగా ఉంది. మీ నాన్నతో నేను మాట్లాడతాను. నాతో ఎదురు మాట్లాడే ధైర్యం అతనికి పెళ్ళినాడే లేదు.

బుల్లమ్మ ఏం చెప్పిందో రాయి. ముసలివాణ్ణి, ఊరించి చంపకు.

ఏసురాజు.


అనకాపల్లి,
నవంబరు 19.

తాతయ్యా,

మీరు మానేయమని ఉంటే మానేసేదాన్ని. మానేస్తే ఒక్క మాట అననన్నారు, ఇక మానడం ఎలా కుదురుతుంది?

బుల్లమ్మ గారు చెప్పింది రాస్తున్నాను. కూర్చుని చదవండి.

తాతమ్మ తాగి, పక్కకి తప్పుకుని నిలబడింది. పాట ఆగిపోయింది. పాస్టరు గారు గిన్నె పట్టుకుని అలాగే ఉండిపోయారు. ముందు బెంచీలోంచి ఒక్క మనిషి లేచాడు. కాలేజీ కుర్రాడు, తెల్ల ప్యాంటు. వచ్చి, గిన్నెని ఏ వైపుకీ తిప్పకుండా, తాతమ్మ పెదవి ఆనిన చోటే పెదవి ఆనించి తాగాడు. తర్వాత ఎవరూ రాలేదు. బయట చెప్పులు విడిచే చోట వాళ్ళ నాన్న ఆ కుర్రాణ్ణి చెంప మీద కొట్టాడు. "ఆ సప్పుడు మా సాపల దాకా ఇనపడింది" అంది. ఆ కుర్రాడి పేరెత్తితే మిషన్‌లో పనులుండవని వాళ్ళ నాన్న చెప్పించాడట, అందుకే పేటలో ఎవరూ తాగలేదన్న మాటే మిగిలింది.

అది స్టాన్లీ గారు.

నేను రాయడానికి భయపడింది ఇందుకు. మీరు ఇన్నేళ్ళు ఏ కోపం మీద బతికారో నాకు తెలుసు. కానీ పేరు పేరునా చెప్పమన్నది మీరే.

జెఫ్రీ వాళ్ళ తాతగారిని అడిగాడు. ఆయన పేపరు మడిచి, "ఎవరు సెప్పేరు?" అన్నారట. తర్వాత, "ఫ్రాన్సు గురించి చెప్పుకోండి, మార్కులొస్తాయి" అని లేచి వెళ్ళిపోయారట. జెఫ్రీ అప్పటినుంచి ఆయనతో మాట్లాడటం లేదు. మీ కోపం ఒకటి వాళ్ళింట్లో కూడా మొలిచింది.

సుజి.


మాకవరపాలెం,
డిసెంబరు 18.

సుజికి,

నెల పట్టింది జవాబుకి. ఆరోగ్యం బాగానే ఉంది. నాలుగుసార్లు రాసి చింపాను.

నా కోపానికున్న రెండు కాళ్ళలో ఒకటి విరగ్గొట్టావు. పర్వాలేదు, అది ఒంటికాలి మీద కూడా నిలబడగలదు.

తాగాడు. ఒప్పుకుంటాను. ఆ వయసులో ఆ గుడిలో నేనుంటే, ముందు బెంచీలో పుట్టి ఉంటే, లేచి ఉండేవాణ్ణా అని కూడా ఆలోచించాను. ఆలోచించి, ఆ ప్రశ్న పక్కన పెట్టాను. చరిత్ర చేయని పనుల గురించి కాదు. మరి వాడు చేసిన మిగతా పనుల సంగతేమిటి? కాలేజీ స్టాఫ్ రూములో ఇరవై ఎనిమిదేళ్ళు నా ఎదురుగా కూర్చున్నాడు. "మీ అమ్మ తర్వాత నేను తాగాను" అని ఒక్కసారి చెప్పలేదు. చెబితే నేను వాణ్ణి ద్వేషించి ఉండేవాణ్ణి కాదు. వాడికి నా ద్వేషమే సుఖంగా ఉంది, ఎందుకంటే నేను ద్వేషిస్తున్నంతకాలం వాడు ముందు బెంచీవాళ్ళ మనిషే. చిట్టి గ్లాసుల పళ్ళెం వాడి పెద్దరికంలోనే తిరుగుతోంది. అమ్మని ఎగబడిందని అంటుంటే, కాదు నడిచింది అని ముందు బెంచీల్లో చెప్పగలిగిన మనిషి వాడొక్కడే. ఒక గుక్క తాగి, జీవితమంతా మూతి తుడుచుకుంటూ గడిపాడు.

చెప్పండి. రెండూ చెప్పండి. తాగాడనీ చెప్పండి, తుడుచుకున్నాడనీ చెప్పండి.

చెంపదెబ్బ సంగతి మాత్రం వద్దు. అది వాడికీ వాడి నాన్నకీ మధ్యది.

ఏసురాజు.


అనకాపల్లి,
జనవరి 28, 2007.

తాతయ్యా,

నిన్న సభ అయిపోయింది. మీరు రాలేదు, వస్తారేమోనని గేటు వైపు చూస్తూనే ఉన్నాను.

సభల్లో ఎప్పుడూ జరిగేది మీకు తెలుసు. స్టేజీ మీది పెద్దలకి ముందు కూల్‌డ్రింకులు వస్తాయి, తర్వాత లెక్చరర్లకి టీ. మాకు వాళ్ళు తాగుతుంటే చూసే భాగ్యం. మా వంతు రాగానే రాజశ్రీ వాళ్ళింటి నుంచి తెచ్చిన ఇత్తడి బిందె స్టేజీ ముందు పెట్టాం. వాళ్ళ తోట బెల్లంతో పానకం, ఒకే ఒక్క గ్లాసు. మైకులో నేను చెప్పాను, ఈ రోజు వరస వెనక నుంచి మొదలవుతుంది, ఎవరూ ఎత్తి పోసుకోకూడదు, పెదవి ఆనించే తాగాలి, ఇష్టం లేనివాళ్ళు తాగనక్కర్లేదు అని.

జెఫ్రీ గ్లాసు పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డ అటెండరు పరదేశి దగ్గరికి వెళ్ళాడు. పరదేశి, "నాకేటి బాబూ ముందర, ఉజ్జోగం పోద్ది" అన్నాడు. "పోదు మావా, మా తాతే సీఫ్ గెస్టు" అన్నాడు జెఫ్రీ. హాలంతా నవ్వు. పరదేశి తాగాడు. తర్వాత వెనక బెంచీలు. కొందరు తాగారు, కొందరు తల తిప్పుకున్నారు. ఎవరు తిప్పుకున్నారో అందరికీ కనపడింది. తాతయ్యా, మేము చార్టుల మీద ఎంత రాసినా అంత చెప్పలేకపోయేవాళ్ళం. గ్లాసు తిరుగుతుండగా నేను వెర్సేల్స్, రాజశ్రీ హైతీ చెప్పాం. గ్లాసు స్టేజీ ఎక్కేసరికి తాతమ్మ కథ దాకా వచ్చాను.

ప్రిన్సిపాలు గారికి గొంతు బాగోలేదట. త్రినాధరావు సార్ గ్లాసు ఎత్తబోయి, ఆగి, పెదవి ఆనించి తాగారు. తాగి నా వైపు చూసి, "మార్కులు గిన్నెకీ ఉన్నాయిలే" అన్నారు, మైకు ఆన్‌లో ఉందని మరిచిపోయి.

ఆఖరున స్టాన్లీ గారు. అప్పుడే నేను బుల్లమ్మ గారి మాటలు చెబుతున్నాను. తాతమ్మ తర్వాత ఒకరు తాగారు, ఆయన పేరు స్టాన్లీ, ఆ తర్వాత ఆయన ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, గిన్నె బీరువాలోనే ఉంది అన్నాను. అంతే అన్నాను, మీరన్నవి రెండూ. ఆయన జెఫ్రీ చేతిలోంచి గ్లాసు తీసుకున్నారు. చెయ్యి వణికి పంచె మీద ఒలికింది. పెదవి ఆనించి, అడుగు దాకా తాగారు. ఉపన్యాసం ఇవ్వలేదు. ఒంట్లో బాగోలేదని వెళ్ళిపోయారు.

నాకు చాలా గెలిచినట్టనిపించింది, నిన్న రాత్రి దాకా.

ఈ పొద్దున హాస్టల్ నోటీసు ఇచ్చారు. ఫిబ్రవరి నెలాఖరుకి గది ఖాళీ చెయ్యాలి. కింద కమిటీ పెద్దగా స్టాన్లీ గారి సంతకం. నకలు ఈ కవర్లో పెడుతున్నాను.

ప్రిపరేషన్ సెలవులకి మీ దగ్గరికి వస్తాను. పరీక్షలప్పుడు రాజశ్రీ వాళ్ళింట్లో ఉంటాను. మొన్న వెళ్ళినప్పుడు వాళ్ళ నాయనమ్మ మంచినీళ్ళు దేంట్లో ఇస్తుందా అని నేను చూస్తుంటే, రాజశ్రీ నా గ్లాసు లాక్కుని ముందు తను సగం తాగి ఇచ్చింది. "ఇలాటి ఆలోసనలు నా కాడ పెట్టకు" అంది. నాయనమ్మ అటు తిరిగి కూర్చుంది.

సుజి.


అనకాపల్లి,
మార్చి 5.

అప్పాయమ్మ మునిమనవరాలికి,

నువ్వు మాకవరపాలెం వచ్చి ఇంటికి తాళం చూసి తిట్టుకుని ఉంటావు. తాళంచెవి పక్కింటి తలుపులమ్మ దగ్గరుంది. బియ్యం డబ్బాలో ఉన్నాయి, పప్పు నువ్వు తెచ్చుకోవాలి. నువ్వు ఊరు వదిలి నా ఇంటికి వస్తుంటే, నేను నీ ఊరికి వచ్చాను. బెల్లం మార్కెట్టు వెనక ఒక లాడ్జిలో ఉన్నాను. ఊరంతా నూకాలమ్మ జాతర పందిళ్ళు వేస్తున్నారు.

నిన్న మొదటి ఆదివారం. గుడికి వెళ్ళాను. చాపలు పోయి వెనక కూడా బెంచీలు వచ్చాయి. చాపలుండే చోట కూర్చున్నాను. నన్ను చూసి పాస్టరు రెండుసార్లు వాక్యం తప్పు చదివాడు. పాట అయ్యాక చిట్టి గ్లాసుల పళ్ళెం బయల్దేరింది. పట్టుకుని వస్తున్నది స్టాన్లీ. వరస వరసా తిరిగి నా ముందుకొచ్చి ఆగాడు.

"నాకు గ్లాసొద్దు. గిన్నె దించు" అన్నాను.

"ఏసూ, అందరూ చూత్తన్నార్రా."

"చూడనీ. అప్పుడూ చూసేరు. నీ సంతకం చూసేను స్టాన్లీ, చెయ్యి వణకలేదు, బాగుంది."

పళ్ళెంలో గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమంటున్నాయి. నా మీద ఒలికిస్తాడేమో అనుకున్నాను. పళ్ళెం తీసుకెళ్ళి ముందు బెంచీలో, వాళ్ళ నాన్న కూర్చునే చోట పెట్టేశాడు. తిరిగి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నేను జరగలేదు. ఉన్న కాస్త చోటులోనే సర్దుకున్నాడు, సగం మనిషి బెంచీ బయటే ఉన్నాడు. మిగతా పళ్ళెం పాస్టరే పంచాల్సి వచ్చింది. మా ఇద్దరి గ్లాసులూ నిండుగా వెనక్కి వెళ్ళాయి. నా పక్క వరసలో ఒకామె, ఎవరో నాకు తెలియదు, చెయ్యి చాచి మళ్ళీ వెనక్కి తీసుకుంది. ఆమెది కూడా.

బయటికొచ్చాక వాడింట్లో ఉండమన్నాడు. వాడు తాగిన కప్పులో కాఫీ ఇస్తే ఆలోచిస్తానన్నాను. నవ్వాడు. నేను నవ్వలేదు. నీ నోటీసు వెనక్కి తీసుకోమని అడగలేదు, అడగను కూడా. వాడికై వాడు తీసుకుంటే అది వేరే సంగతి.

నువ్వు చదువుకో. పరీక్షలో ఫ్రెంచి విప్లవానికి కారణాలు ఆరే రాయి, మనకి మార్కులు కావాలి. ఏడోది నీ దగ్గర ఉంచుకో.

నా రెండో పంచె, చలవ చేసి పెట్టెలో ఉంది, కండక్టరుకిచ్చి పంపు. వచ్చే బల్ల ఏప్రిల్ ఒకటిన. అప్పటికి గిన్నె దించకపోతే మేలో ఇంకో బల్ల వస్తుంది, లేకపోతే జూన్‌లో. లాడ్జివాడితో మాట్లాడుకున్నాను. నాకు వేరే పనేమీ లేదు.

ఏసురాజు,
అప్పాయమ్మ కొడుకు.